రాత్రి పడక ఎక్కడ? కర్నూలు పడమటి పల్లెలో దాగిన మలేరియా: ఒక కేస్ స్టడీ

ఓపీ దాదాపు ముగిసిన వేళ ఒక తండ్రి పదేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. జ్వరం మొదలై పది రోజులట. ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు, పట్నంలో టైఫాయిడ్ పరీక్ష, అయిదు రోజుల యాంటీబయాటిక్ అన్నీ అయ్యాయి. నేను చూసేసరికి పాప ఒళ్లు చల్లగా ఉంది. ఆకలేస్తోందని అరటిపండు తింటోంది. చీటీ మీద ఇంకో మందు రాసి పంపేసేదాన్నే. గుమ్మం దాటబోతూ ఆ తండ్రి వెనక్కి తిరిగాడు.

"నిన్న ఒళ్లు కాలిపోయింది మేడం. ఇవాళ బాగుంది. రేపు మళ్ళీ వస్తుంది. మొన్నటి నుంచీ ఇదే వరస."

రోజు విడిచి రోజు జ్వరం. చదువుకునే రోజుల్లో పరీక్షల కోసం బట్టీపట్టిన లక్షణం. వైవాక్స్ అనే మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటపడడానికి 48 గంటలు పడుతుంది. ఆ పగిలే వేళకే చలి, వణుకు, జ్వరం. ఇంత తెలిసీ ఆ తండ్రి చెప్పేదాకా నాకు మలేరియా ఊహకు రాలేదు. మా పరిధిలో కొన్నేళ్లుగా ఒక్క పాజిటివ్ కూడా లేదు. జ్వరం అనగానే డెంగ్యూ, టైఫాయిడ్, వైరల్ అన్న వరసలోనే మా ఆలోచన నడుస్తోంది. జబ్బు తగ్గుముఖం పట్టిన చోట అది ముందుగా తప్పుకునేది డాక్టరు ఆలోచనలోంచే. ఆ పది రోజులూ పాపను కుట్టిన దోమలను తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

వేలి చివర గుచ్చి ర్యాపిడ్ కిట్టు పెట్టాం. పావుగంటకు వైవాక్స్ గీత లేతగా తేలింది. మా ల్యాబ్ టెక్నీషియన్‌కు ఆ గీత ఒక్కటే చాలలేదు. పాతికేళ్లకు పైగా స్లైడులు చూసిన మనిషి. మందపు స్మియరు (రక్తపు పూత), పలుచటి స్మియరు రెండూ ఒకే గాజుపలక మీద తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచి, "చూడండి మేడం, దీన్ని చూసి ఎన్నాళ్లయిందో" అన్నారు. ఉబ్బిన రక్తకణంలో ఉంగరం ఆకారం చెదిరి, కాళ్లూ చేతులూ చాచినట్టు పరుచుకున్న వైవాక్స్. అనుమానానికి తావు లేదు.

ఆ ఊరు కర్నూలు జిల్లా పడమటి వైపు, తుంగభద్ర దిగువ కాలువ కింద ఉంది. నల్లరేగడి, పత్తి, మిరప, ఉల్లి. కాలువ చివరి దాకా నీళ్లు రాని ఏడాది, వాన ముఖం చాటేసిన ఏడాది సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, బెంగళూరు, హైదరాబాద్, మంగళూరులలో కట్టడం పనులకు కొందరు. పండగకు వస్తారు, పండగ అయ్యాక పోతారు. ఇళ్ల తలుపులకు తాళాలు మామూలే.

ఒక్క కేసుకు ఇంత హడావుడి దేనికని మా సిబ్బందిలోనే ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965 నాటికి దేశమంతా కలిపి కేసులు లక్ష స్థాయికి దిగాయి. ఇక పోయినట్టే అనుకున్నారు. నిఘా సడలింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఇప్పుడు మళ్ళీ 2027 నాటికి స్థానిక మలేరియాను సున్నాకు తెచ్చి, 2030 నాటికి నిర్మూలించాలన్నది జాతీయ లక్ష్యం. వరసగా మూడేళ్లు ఒక్క స్థానిక కేసూ లేదని చూపితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. వేల కేసులున్న చోట ఒకటి తప్పిపోతే అది ఒకటే. సున్నా దగ్గర తప్పిపోయే ఒకటి మొత్తాన్ని మళ్ళీ మొదటికి తెస్తుంది.

పాప ఎన్నడూ ఊరు దాటి ఎక్కడా నిద్ర చేయలేదు. వాళ్ల నాన్నను, అమ్మను, బడిలో టీచరును విడివిడిగా అడిగాం. వేసవిలో ఒక పెళ్లికి పక్క ఊరు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చింది, అంతే. రక్తం ఎక్కించిన దాఖలా లేదు. అంటే పాపను కుట్టిన దోమ మా ఊరిదే. ఆ దోమకు పరాన్నజీవిని ఇచ్చిన మనిషి కూడా మా ఊళ్లోనే ఉన్నాడు. అతనికి జ్వరం లేదు, మా రిజిస్టరులో పేరు లేదు.

పాపకు చికిత్స మొదలుపెట్టాం. మూడు రోజులు క్లోరోక్విన్. జీ6పీడీ పరీక్ష మామూలుగా ఉందని తేలాక ప్రైమాక్విన్, రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు. రక్తంలో ఉన్నవాటిని క్లోరోక్విన్ చంపుతుంది. కాలేయంలో నిద్రాణంగా పడి ఉన్నవాటి మీద దానికి పట్టు లేదు. వారాలకో నెలలకో అవి లేచి మళ్ళీ రక్తంలోకి దిగుతాయి. వాటిని తుడిచేది ప్రైమాక్విన్. జీ6పీడీ ఎంజైము లోపించిన వారిలో ఆ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది కాబట్టి ముందు పరీక్ష. పరీక్ష బాగున్నా సరే, మూత్రం నల్ల టీ రంగులో వచ్చినా కళ్లు పచ్చబడినా మాత్ర ఆపేసి వెంటనే ఫోను చేయమని తల్లికి చెప్పాం. మాత్ర అన్నం తిన్నాకే వేయాలని రెండుసార్లు చెప్పాను. దాన్ని ఎందుకు అంత నొక్కి చెప్పానో కాసేపట్లో చెబుతాను.

ఇక వెతుకులాట. పాప ఇంటి చుట్టూ యాభై ఇళ్లు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, మగ ఆరోగ్య సహాయకుడు రెండు రోజులు తిరిగారు. జ్వరం ఉన్నా లేకున్నా అందరి రక్తం తీయమన్నాను. ఎవరూ కాదనలేదు. పాప సంగతి ఊరంతా పాకింది కాబట్టి పిల్లలను వాళ్లే తెచ్చి కూర్చోబెట్టారు. అన్నీ నెగెటివ్. వాకిట్లో నీళ్ల తొట్లు చూశాం, పశువులను కట్టే గాటిపాట కొట్టాల గోడల మీద టార్చి వేసి దోమలు వెతికాం. పెద్దగా ఏమీ దొరకలేదు. మూడో రోజు సాయంత్రం నివేదిక రాస్తూ ఆగిపోయాను. రాయడానికి అన్నీ ఉన్నాయి. జవాబు మాత్రం లేదు.

జవాబు వేరే పని మీద దొరికింది. ప్రైమాక్విన్ మాత్రను ఆశా కార్యకర్త తన ఎదుటే మింగించాలని పెట్టుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం ఆమె వెళ్లేసరికి ఇంట్లో పాప లేదు. నాకు ఫోను చేసింది.

"మేడం, పాప వాళ్ల అవ్వతో చేను దగ్గరికి పోయిందట. ఉల్లి కోతలు కదా. దసరా ముందు నుంచీ రాత్రి పడక అక్కడేనట."

ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయాను. యాభై ఇళ్లు తిరిగాం. ప్రతి ఇంట్లో "జ్వరం ఉందా, ఎక్కడికైనా వెళ్లొచ్చారా" అని అడిగాం. పాప రాత్రి ఎక్కడ పడుకుంటోందని ఏ ఒక్కరమూ అడగలేదు. మలేరియా మోసే అనాఫిలిస్ ఆడదోమ కుట్టేది చీకటి పడ్డాక. మా పల్లెల్లో దీన్ని మోసేది ముఖ్యంగా అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. అది పగలు కొట్టాల్లో, చీకటి మూలల్లో దాక్కుని రాత్రిపూట బయటికి వస్తుంది. పాప పగలు ఎక్కడుంటే దోమకేం? మేం గీసిన వలయం పాప నిద్రపోని ఇంటి చుట్టూ ఉంది.

ఆ రాత్రే బయలుదేరాం. పోయే ముందు కాగితం మీద వెనక్కి లెక్క కట్టాను. మా పల్లెల్లో తారీఖులు అడిగితే తడబడతారు. పండగ ఆనవాలు చెబితే తూచినట్టు చెబుతారు. పాపకు జ్వరం మొదలైంది దసరా వెళ్లిన రెండో రోజు. వైవాక్స్ దోమకాటు తర్వాత జ్వరంగా తేలడానికి మామూలుగా 12 నుంచి 17 రోజులు. అంటే పాపను దోమ కుట్టింది పెద్దల అమావాస్య అటూ ఇటూ. ఆ దోమ ఎవరినో కుట్టి పరాన్నజీవిని తీసుకున్నాక, అది దోమ ఒంట్లో ఎదిగి లాలాజల గ్రంథులకు చేరడానికి మన వేడిలో పది, పన్నెండు రోజులు. కాబట్టి దాగిన మనిషి రక్తంలో పరాన్నజీవి తిరిగింది వినాయక నిమజ్జనం అయిన వారం లోపల. ఇప్పుడు అడగవలసినది ఒకటే మాట: నిమజ్జనం నుంచి అమావాస్య దాకా ఆ చేల దగ్గర రాత్రి పడుకున్నది ఎవరెవరు?

కాలువ గట్టు పక్కన వరసగా అయిదారు చేలు. పీకిన ఉల్లి కుప్పలు పోసి, పైన పట్టాలు కప్పి ఉన్నాయి. పగలంతా ఆడవాళ్లు కూర్చుని ఆకు, వేరు కోసి గడ్డలు వేరు చేస్తారు. ధర పలికేదాకా, లారీ దొరికేదాకా కుప్పల దగ్గర కాపలా తప్పదు. నాలుగు కర్రలు పాతి పైన గోనె కప్పిన పందిళ్లు, వాటి కింద నవారు మంచాలు. కొన్నిచోట్ల నేల మీదే పడక. పది అడుగుల దూరంలో ఎద్దులు. గాలి నిండా ఉల్లి ఘాటు. పాప తన అవ్వ పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. మోకాళ్ల కింద దోమకాట్ల మచ్చలు వేలితో లెక్కపెట్టొచ్చు.

కాలువ లైనింగు పగిలిన చోట నీరు కారి, గట్టు దిగువన మడుగు కట్టింది. అంచుల్లో గడ్డి, పైన పల్చటి నాచు, నీరు తేటగా ఉంది. తెల్ల గరిటెతో ముంచి టార్చి వేశాం. నీటిపొరకు సమాంతరంగా, పడుకోబెట్టిన వరిగింజల్లా పిల్లపురుగులు. క్యూలెక్స్ అనే మరో రకం దోమ పిల్లలైతే తల కిందికి వాల్చి ఏటవాలుగా వేలాడతాయి. ఇవి నీటికి అంటుకున్నట్టు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. అనాఫిలిస్. మూడు రోజులు ఊరి తొట్లలో వెతికినది కిలోమీటరుకు పైగా దూరాన ఇక్కడ పెరుగుతోంది.

ఆ పందిళ్ల కింద పడుకునే వారి జాబితాను పాప అవ్వే చెప్పింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు, ఎవరి బదులు ఎవరు కాపలా కాశారు అన్నీ ఆమెకు తెలుసు. మా సర్వే ఫారాల్లో ఇంటి నంబరు ఉంటుంది, కుటుంబ పెద్ద పేరు ఉంటుంది. ఇలాంటి జాబితాకు గడి లేదు. ఆ రాత్రి పందొమ్మిది మంది రక్తం తీశాం. ఒక్కొక్కరికీ ర్యాపిడ్ కిట్టు, స్లైడు, ఫిల్టరు కాగితం మీద రెండు చుక్కలు. మందపు స్మియరు తీసేటప్పుడు మా టెక్నీషియన్ పాత అలవాటు ఒకటుంది. స్లైడు కింద దినపత్రిక పెడతారు. పరిచిన రక్తపు పొరలోంచి అక్షరాలు మసకగానైనా చదవగలగాలి. చదవలేకపోతే పొర మందమైంది, ఆరాక పెచ్చులూడుతుంది. ఆ చీకట్లో ఫోను వెలుతురులో కూడా ఆయన అలాగే చేశారు.

కిట్లు పందొమ్మిదీ నెగెటివ్.

మరుసటి రోజు స్లైడులు కూడా నెగెటివ్ అని వచ్చింది. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. అలసట ఉంది, పై నుంచి నివేదిక కోసం ఫోన్లు ఉన్నాయి, మనసులో ఎక్కడో "పోనీలే, ఏమీ లేదు" అనుకోవాలన్న కోరిక కూడా ఉంది.

సంతకం పెట్టాక కూడా మా టెక్నీషియన్ ఇంటికి వెళ్లలేదు. "మామూలు రోజుల్లో చూసినట్టు వంద ఫీల్డులు చూసి వదిలేశాను మేడం. వీటిని అలా వదలకూడదు" అని మళ్ళీ మొదటి నుంచి కూర్చున్నారు.

ఆ మాట వెనకున్న లెక్క తోటి వైద్యులు తెలుసుకోవాలని కోరుకుంటాను. మందపు స్మియరులో వంద ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూస్తే మనం పరీక్షించినది సుమారు పావు మైక్రోలీటరు రక్తం. పెద్దవాళ్ల ఒంట్లో అయిదు లీటర్ల రక్తం అనుకుంటే అది యాభై లక్షల మైక్రోలీటర్లు. మైక్రోలీటరుకు ఒక్క పరాన్నజీవి ఉన్న మనిషి ఒంట్లో యాభై లక్షలు తిరుగుతుంటాయి. మనం చూసిన ఆ పావు మైక్రోలీటరులో మాత్రం ఒక్కటీ ఉండకపోవచ్చు. ర్యాపిడ్ కిట్టు మీద గీత రావాలంటే మైక్రోలీటరుకు సుమారు వంద, రెండు వందలు ఉండాలి. పల్లెల్లో మామూలు మైక్రోస్కోపు పనిలో యాభై, వంద దాకా చిక్కుతాయి. చెయ్యి తిరిగిన వారు కూర్చుని చూస్తే అయిదు, పది దాకా దిగగలరు. అంతకన్నా తక్కువైతే పరాన్నజీవి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష ఒక్కటే దారి. జ్వరంతో వణుకుతూ వచ్చే రోగికి కిట్టు మంచి సాధనం. జ్వరం లేని మనిషి దగ్గర అదే కిట్టు నెగెటివ్ అన్నదంటే, పెద్ద సంఖ్యలో లేవన్న మాట మాత్రమే చెప్పినట్టు. కిట్టు నెగెటివ్‌ను "మలేరియా లేదు" అని రిజిస్టరులో రాసే అలవాటును మా దగ్గర ఆ రోజుతో మాన్పించాను.

రెండోసారి చూస్తున్నప్పుడు పదకొండో స్లైడులో, నూట అరవై ఫీల్డులు దాటాక, ఒకటి దొరికింది. ఇంకా వెతికితే మరొకటి. రెండోది గుండ్రంగా, నిండుగా, రంగు కణికలతో ఉన్న గామెటోసైట్, దోమకు అంటుకునే రూపం. స్లైడు నంబరు చూసి పేరు తీశాం.

ఇరవై రెండేళ్ల యువకుడు. పాప వాళ్ల పందిరికి రెండు పందిళ్లు అవతల తన మామ చేను కాపలా కాస్తున్నాడు. మంచి ఆరోగ్యంగా, ఉల్లి బస్తాలు ఒంటిచేత్తో లారీకెక్కిస్తున్నాడు. జాబితాలో అతని పేరు పక్కన "వినాయక చవితికి మంగళూరు నుంచి వచ్చాడు" అని అవ్వ చెప్పిన మాట రాసి ఉంది. ఇంటింటి సర్వేలో అతని రక్తం తీయలేదు. అతని ఇల్లు యాభై ఇళ్ల వలయంలో లేదు. ఉన్నా మా వాళ్లు వెళ్లిన పగటివేళ అతను ఇంట్లో ఉండడు.

"నాకు జ్వరమే లేదు కదా మేడం" అన్నాడు. నిజమే. కానీ ఆషాఢంలో వచ్చింది. మంగళూరులో కట్టడం జరుగుతున్న భవనంలోనే పదిమంది ఒక గదిలో ఉండేవారు. అక్కడే పరీక్ష చేసి మలేరియా అని చెప్పి మందులు ఇచ్చారు. మూడు రోజుల మాత్రలు మింగాడు. జ్వరం పోయింది. పద్నాలుగు రోజుల మాత్రలు నాలుగు రోజులు వేసుకున్నాడు. తెల్లవారకముందే ఖాళీ కడుపున వేసుకుని పనికి వెళ్లేవాడు. కడుపులో మంట, వికారం. అయిదో రోజు మేస్త్రీ వేరే చోటికి మార్చాడు. "జ్వరం పోయాక ఇంకా మందెందుకు అనుకున్నాను" అన్నాడు. సంచి అడుగున వెతికి మాత్రల పట్టీ తెచ్చి చూపించాడు. నాలుగు రోజుల గూళ్లు చింపి ఉన్నాయి. మిగతావి నలిగిన రేకు కింద అలాగే ఉన్నాయి.

ఆ పట్టీని చాలాసేపు చూశాను. అన్నం తిన్నాక వేసుకోవాలన్న ఒక్క మాట ఎవరైనా అతనికి విడమరిచి చెప్పి ఉంటే, అతను చోటు మారినప్పుడు ఒక్క ఫోను వెళ్లి ఉంటే, ఈ పాపకు జ్వరం వచ్చేదా? పాప తల్లికి రెండుసార్లు చెప్పింది అందుకే. నిజానికి చెబుతున్నప్పుడు ఈ యువకుడు నాకు తెలియడు. ఇలా సగంలో ఆపిన వాళ్లను మాత్రం గతంలో చూశాను.

చవితి మరుసటి రోజు "ఒక పూట ఒళ్లు వెచ్చబడింది, ఒక మాత్ర వేసుకుంటే పోయింది" అన్నాడు. కాలేయంలో మిగిలినవి లేచింది అప్పుడే అయి ఉంటుంది. నిమజ్జనం, దోమ, అమావాస్య, పాప, దసరా. కాగితం మీద వెనక్కి కట్టిన లెక్కతో అతని మాట సరిపోయింది.

సరిపోయినంత మాత్రాన అదే రుజువని నేను అనను. ఇద్దరి రక్తంలోని పరాన్నజీవులను జన్యుపరంగా పోల్చలేదు. పోల్చినా వైవాక్స్‌లో నిద్ర లేచినవి మొదటివాటిలా ఉండాలని లేదు. కాలం, చోటు, చరిత్ర మూడూ కలిశాయి. క్షేత్రంలో పనిచేసే వాళ్లం దాన్ని పట్టుకునే అడుగు వేస్తాం. కేసు ఫారంలో యువకుడిని "ఇంపోర్టెడ్" అనీ, పాపను అతని నుంచి మొదటి తరంగా స్థానికంగా సోకిన "ఇంట్రడ్యూస్డ్" కేసు అనీ రాశాను. రెండు కేసులనూ బయటివేనని రాసేయవచ్చు కదా అని ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. పాప ఊరు దాటలేదు. ఊళ్లో దోమ ఉంది, అది మోయగలదు అన్న నిజాన్ని ఆ ఫారం చెప్పకపోతే ఆ మడుగును పూడ్చే పని ఎవరి నెత్తినా పడదు.

ఇంకొకరు మిగిలారు. ఫిల్టరు కాగితాలను ఆరబెట్టి, తేమ పీల్చే గుళికల సంచితో కవర్లలో పెట్టి పీసీఆర్ చేసే పై ప్రయోగశాలకు పంపించాం. ఫలితాలు రావడానికి వారాలు పట్టింది. యువకుడితో పాటు మరొక పాజిటివ్ ఉంది. పాప అవ్వ.

ఆమె స్లైడును మా టెక్నీషియన్ రెండోసారి కూడా పూర్తిగా చూశారు. ఏమీ లేదు. కిట్టు నెగెటివ్. జ్వరం వచ్చిందా అని మూడుసార్లు అడిగాం, మూడుసార్లూ లేదన్నది. ఫలితం వచ్చాక వెళ్లి పక్కన కూర్చుని వేరే రకంగా అడిగాను.

"అవ్వా, దసరా తర్వాత ఒంట్లో ఎలా ఉంది?"

"ఏముందమ్మా, వంగి వంగి ఉల్లి కోస్తే నడుము పడిపోయింది. కాళ్లు లాగేవి. రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుని కూర్చునేదాన్ని."

ఆ నొప్పి మాత్రే జ్వరాన్ని కూడా తగ్గిస్తుంది. ఆమెకు వచ్చిన వేడి ఏదైనా ఉంటే ఉల్లి కోతల అలసటలో, ఆ మాత్రలో కలిసిపోయింది. అబద్ధం చెప్పలేదు. జ్వరం అని ఆమె పేరు పెట్టుకోని దాని గురించి మేం జ్వరం అనే పేరుతో అడిగాం. అప్పటి నుంచి మా ప్రశ్న మార్చాం: ఈ నెలలో ఏ మాత్రలు మింగారు, ఎందుకు, ఎన్ని రోజులు? ఆర్‌ఎంపీల దగ్గరా, మందుల దుకాణాల దగ్గరా కూడా ఇదే అడుగుతున్నాం. దానికి వచ్చే జవాబుల్లో దొరికే సంగతులు జ్వరం ప్రశ్నకు ఎప్పుడూ దొరకలేదు.

ఒక మాట స్పష్టంగా ఉండాలి. పీసీఆర్ కూడా రక్తంలో ఉన్నదాన్నే చూస్తుంది. కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్‌ను చూపించే పరీక్ష మా చేతుల్లో ఏదీ లేదు. మా టెక్నీషియన్ కన్ను ఎంత నిశితమైనదైనా, ఆ యువకుడు శ్రావణంలో మా దగ్గరికి వచ్చి ఉంటే ఏ పరీక్షలోనూ దొరికేవాడు కాదు. అతన్ని అప్పుడు పట్టివ్వగలిగేది అతని కథ, సంచిలోని ఆ పట్టీ మాత్రమే.

యువకుడికీ అవ్వకూ జీ6పీడీ పరీక్ష చేశాక క్లోరోక్విన్, రోజుకు 15 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్ 14 రోజులు ఇచ్చాం. మాత్ర ఇచ్చే చోటును ఇంటి నుంచి చేనుకు మార్చాం. రాత్రి భోజనాల వేళ ఆశా కార్యకర్త గట్టు మీదికి వెళ్లి, వాళ్లు తిన్నాక మింగించి వచ్చేది. తొలి కొద్ది రోజులు ఆమె భర్త బండి మీద దింపేవాడు. ఆ తర్వాత లారీ దగ్గర పనిచేసే వాళ్లే తోడు వచ్చారు. పద్నాలుగు రోజుల చికిత్స అనేది కాగితం మీద ఒక అంకె. మనిషి నిద్రపోయే చోటికి ఎవరో ఒకరు పద్నాలుగు సాయంత్రాలు నడిస్తేనే అది జరుగుతుంది. ఆ నడిచిన మనిషికి వచ్చేది ఎంతో నాకు తెలుసు కాబట్టి ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది.

మడుగు సంగతి రైతులు చూసుకున్నారు. లైనింగు మరమ్మతు అయ్యేదాకా ఆగకుండా గట్టు దిగువన చిన్న కాలువ తవ్వి నీటిని పక్క మడిలోకి మళ్లించారు. మిగిలిన గుంటల్లో దోమ పిల్లపురుగులను చంపే టెమిఫోస్ మందు చల్లాం. పందిళ్ల పక్క ఎద్దుల కొట్టాల్లో, ఊరి ఇళ్లలో గోడలకు మందు పిచికారీ అయింది. దోమతెరలు ఇళ్లకు ఇస్తే చేలకు రావు. కుప్పల దగ్గరికే తెచ్చి, పందిరి కర్రలకు కట్టి చూపించాం. గాలి ఆడదని మొదట రెండు రోజులు విప్పేశారు. అవ్వ తన పందిరికి కట్టుకున్నాక మిగతావాళ్లూ కట్టారు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఊళ్లో పుట్టిన మాట. "సుగ్గికి పోయినోళ్లు రోగం మోసుకొస్తున్నారు" అన్నారు. యువకుడి పేరు మేం ఎవరికీ చెప్పలేదు. అయినా రాత్రిళ్లు మాత్ర మింగేది ఎవరో అందరికీ కనిపిస్తుంది. అందుకని పందొమ్మిది మందినీ ఏదో ఒక నెపంతో ఆశా కార్యకర్త రోజూ పలకరించేలా చేశాం. గ్రామ సభలో ఒకే మాట చెప్పాను: కడుపు చేత పట్టుకుని పోయిన పిల్లవాడు అక్కడ దోమల మధ్య పడుకుంటే సోకింది, ఇక్కడ మడుగు లేకుంటే ఆ సోకినది అతనితోనే ఆగేది. రేపు ఇంకొకరు మంగళూరు నుంచి వస్తే మా దగ్గరికి ధైర్యంగా రావాలి. నింద పడుతుందనిపిస్తే రారు, పట్టీని సంచి అడుగున దాస్తారు.

ఒడిశాలో కొండ ప్రాంతాల కోసం చేపట్టిన దమన్ కార్యక్రమంలో జ్వరంతో పని లేకుండా ఊరు ఊరంతటికీ రక్తపరీక్షలు చేసి, దొరికినవారికి మందిచ్చారు. జబ్బు బలంగా ఉన్న చోట అది సరైన దారి. మా దగ్గర అదే పని చేస్తే వేల స్లైడులు నెగెటివ్‌గా వచ్చి, చూసే కన్ను అలసిపోయి, ఆ ఒక్కటి వచ్చిన రోజున దాటిపోతుందని నా భయం. మా లాంటి చోట తక్కువమందినే ఎంచుకుని, ఎంచుకున్నవారిని లోతుగా చూడాలి. పండగలకు తిరిగొచ్చినవారి జాబితా ముందే ఉండాలి. పాజిటివ్ వచ్చిన వ్యక్తి గత నెలలో నిద్రపోయిన ప్రతి చోటూ ఒక వలయానికి కేంద్రం కావాలి. వారి స్లైడులకు వంద ఫీల్డులు చాలవు, రెండు వందలు చూడాలి.

మా సర్వే పుస్తకంలో ఇప్పుడు చేతితో గీసిన గడి ఒకటి ఉంది: "రాత్రి పడక". ఆశా కార్యకర్తలు అందులో చేను, కళ్లం, గుడి అరుగు, ఇటుక బట్టీ, లారీ షెడ్డు అని రాస్తున్నారు. ఇన్నేళ్లుగా మేం తలుపు తట్టని ఊరు ఒకటి ఆ గడిలో కనిపిస్తోంది.

చికిత్స పూర్తయ్యాక పాప, అవ్వ, యువకుడి స్లైడులు నెల నెలా తీస్తున్నాం. ఇంతవరకు నెగెటివ్. వైవాక్స్ నెలల తర్వాత కూడా లేవగలదు కాబట్టి ఏడాది పొడవునా తీయాలని నిర్ణయించుకున్నాం. యువకుడు సంక్రాంతి వెళ్లాక మళ్ళీ మంగళూరు బయలుదేరాడు. పోయే ముందు రోజు తనంతట తానే వచ్చి వేలు చాచాడు. అతని చికిత్స వివరాలు రాసిన కార్డు ఇచ్చి, అక్కడ నెల నెలా రక్తం ఎక్కడ చూపించుకోవాలో వెనక వైపు రాశాను. పది రోజులకు ఫోను వచ్చింది. తన గదిలో ఒక కుర్రాడికి రోజు విడిచి రోజు చలి వస్తోందట. ఆ కుర్రాడిది రాయచూరు వైపు పల్లె.

"మాత్రలు అన్నం తిన్నాకే కదా మేడం?" అని అడిగాడు.